ఇద్దరు బాలింతలు

యుద్ధం రోజుల్లో ఒక యేడు, గురజాల దగ్గర మా అత్తగారింట్లో ఒకే వారంలో రెండు పురుళ్ళు జరిగాయి. ఒకటి మేకది, రెండోది నాది.

మేకల పోషణలో మా అత్త మహా పండితురాలు. ఈనిన మేకకు పొద్దున రేగుకొమ్మలు, మధ్యాహ్నం తుమ్మకాయలు, సాయంత్రం ఉడికించిన ఉలవలు, జొన్న జావ. ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళు కుండ నిండా పెట్టేది. “పాలిచ్చే జీవం. కడుపు మాడిస్తే పాలేడనించి వస్తయ్యి?” అని దారిన పోయేవాళ్ళకు కూడా పాఠం చెప్పేది.

నాకు మాత్రం పథ్యం. పూటకు గుప్పెడు అన్నం, అందులోకి వెల్లుల్లి కారం. నీళ్ళడిగితే, “బాలింత అన్ని నీళ్ళు తాగితే బిడ్డకు జలుబు చేస్తదే” అనేది. నేనూ పాలిచ్చే జీవాన్నేనని ఆమెకు తట్టలేదు. బిడ్డ ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తుంటే, నాకు పాలు పడకపోవడం మా పుట్టింటి వాళ్ళ పెంపకం లోపమని తేల్చేసింది.

ఇక ఆమె బావికి వెళ్ళినప్పుడల్లా మేక కోసం ఉడికిన ఉలవల్లో సగం, జావలో సగం నేను తినేదాన్ని. మేక పెద్దమనసుతో ఊరుకునేది.

కొద్ది రోజులకే బిడ్డ కడుపు నిండి హాయిగా నిద్రపోసాగింది. “నా పథ్యం మహిమ చూశారా” అని మా అత్త వీధంతా చెప్పుకొచ్చింది. మేకకు పాలు తగ్గాయనేసరికి మాత్రం హడలిపోయి, ఎవరి దిష్టో తగిలిందని దాని చుట్టూ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. నాకు పాలు లేనన్నాళ్ళూ ఆ మిరపకాయలు నా అన్నంలోకే వచ్చాయి.