హజరత్తయ్య మామ కాటా

“రొయ్యకు కూడా వారానికి ఒక్కసారే గదయ్యా వల ఏసి తూకం చూసేది! నువ్వేంది, పొద్దున్నించి ఐదుసార్లు ఎక్కినావు?”

“రొయ్య బజ్జీలు తినదు మే. నేను తింటా. అందుకని నాకు తూకం ఎక్కువసార్లు గావాల.”

“రోజూ వల ఏస్తే రొయ్య బెదిరి మేత మానేస్తదని నువ్వే అంటావే. మరి నువ్వు బెదరవా?”

“నేనెందుకు బెదరాల? నన్ను చూసి ఆ కాటా బెదరాల!”

ఈ గొడవ జరుగుతున్నప్పుడు నేను అల్లూరులో వాళ్ల వరండా మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాను. మెట్టు మీద ఎవరున్నా ఆ మొగుడూ పెళ్లాలు గొంతు తగ్గించరు. హజరత్తయ్య మామకున్న జబ్బు ఒక్కటే, బరువు చూసుకోవడం. తగ్గడం కాదు, చూసుకోవడం. ఈ రెండింటికీ తేడా ఉందని ఆయనకు తెలియదనే చాలాకాలం అనుకున్నాను.

నేను ఇంజనీరింగు మధ్యలో వదిలేసి ఆయన రొయ్యల గుంటల మీద పనికి చేరాను. ఒకచోట కుదురుగా కూర్చోలేని నాకు అది సరిపోయింది. కానీ చేరినప్పటి నుంచి రొయ్యల బరువు కన్నా మామ బరువే ఎక్కువసార్లు విన్నాను.

నిజానికి ఆ ఇంట్లో బరువు తగ్గాల్సింది వెంకటశేషమ్మ అత్త. మోకాళ్లు అరిగిపోయాయి, బరువు తగ్గితేనే ఆపరేషన్ అన్నాడు నెల్లూరు డాక్టరు. రెండోసారి వెళ్లినప్పుడు అక్కడి నర్సు అత్తను కాటా ఎక్కించి, ఆ అంకెను హాలంతా వినపడేలా చదివింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అత్త చెప్పులేసుకుని, డాక్టరును చూడకుండానే బస్సెక్కి వచ్చేసింది. ఇక ఆపరేషన్ మాటెత్తితే చాలు, “ఇట్టే కుంటుకుంటా పోతాలే. ఆ కాటా మాత్రం జన్మలో ఎక్కను” అనేది.

మరుసటి వారమే మామ నెల్లూరు నుంచి గాజు పలక కాటా ఒకటి కొనుక్కొచ్చి వరండాలో పెట్టాడు. అత్త కోసం కాదట, తన కోసమట.

“అత్త అంత బాధలో ఉంటే నీకు ఈ ఆటేంది మామా?” అని మొహమ్మీదే అడిగేశాను.

“నేను గూడా లావే గదరా. నా బాధ నీకు పట్టదా?”

కాటా ఎక్కే ముందు చొక్కా తీస్తాడు. తర్వాత ఉంగరం, తాయెత్తు, చెవి మీది బీడీ. ఆఖరికి ఊపిరంతా వదిలేసి, కళ్లు మూసుకుని ఎక్కుతాడు.

“ఊపిరి ఎంత బరువుంటది మామా?”

“కాలేజీ మధ్యలో వదిలేస్తే ఇట్టాంటియ్యే తెలియవు. గాలికి గూడా బరువుండాది!”

అంకె తగ్గితే మాట్లాడడు. పెరిగితే మాత్రం వీధి వీధంతా వినపడేలా అరుస్తాడు. “ఇది కాటా గాదు, దొంగముండ! బ్యాటరీ అయిపోయింది!” వెంటనే మూల అంగడికి పరుగు. అంగడి రెజీనా దూరం నుంచి ఆయన్ని చూడగానే బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టేసేది. “ఏం మామా, మళ్లీ పెరిగినావా?”

“నేను గాదు పాపా, బ్యాటరీ.”

అమావాస్యకు రొయ్యలు పాము కుబుసంలా పొర వదులుతాయి. ఆ రోజుల్లో మేత తగ్గిస్తాం. మామ కూడా ఒక అమావాస్యకు ఇడ్లీలు తగ్గించి, “రేపు చూడరా, పొర వదిలినట్టు కిలో రాలిపోతా” అన్నాడు. తెల్లారి అరకిలో పెరిగాడు.

“పొర వదల్లేదా మామా?”

“వదిలినా. బ్యాటరీ చూసుకోలా.”

శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరిన రోజు ఊరంతా మేడలెక్కింది. మామ కాటాను చంకలో పెట్టుకుని మరీ ఎక్కాడు. “పైకి పోయేకొద్దీ బరువు తగ్గుద్దంట గదా, చూద్దాం.” అందరూ ఆకాశంలోకి చూస్తుంటే ఆయన కాళ్ల కిందికి చూశాడు. పావుకిలో ఎక్కువ. “మేడెక్కితే గూడా బ్యాటరీ అయిపోద్దా?” అని ఆయన అరిచిన అరుపుకు రాకెట్టును వదిలేసి అందరూ ఇటు తిరిగారు. అత్త పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

సాయంత్రం బరువు తగ్గడానికని మామ గుంట గట్టు మీద నడిచేవాడు. ఆ గట్టు చివర బజ్జీల బండి ఉంది. నడక కన్నా బండి దగ్గర నిలబడటమే ఎక్కువని తెలిశాక, అత్త కాపలాగా వెంట బయల్దేరింది. డాక్టరు ఎటూ నిదానంగా నడవమనే అన్నాడు. “ఈయన నోటికి తాళం ఏసేదానికి నేను నడవాల్సొచ్చె” అని తిట్టుకుంటూనే రోజూ నడిచేది.

మొన్న సాయంత్రం మేత బస్తాల కోసం వరండాలోకి వచ్చాను. అత్త ఒక్కతే కాటా ముందు నిలబడి ఉంది.

“ఒరే పెంచలా, ఆయన లేడు గదా?”

“కనపడలా అత్తా.”

“ఒకపాలి ఎక్కి చూద్దునా? అది ఎటూ అబద్ధమే గదా చెప్పేది.”

గోడ పట్టుకుని ఒక కాలు పెట్టింది. తర్వాత రెండోది. అంకె నిలబడకముందే దిగేసి, చిన్నపిల్లలా నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

మేత బస్తాల వెనక నుంచి మామ తల పైకి లేచింది. నా చెయ్యి పట్టుకుని గుంట గట్టు దాకా లాక్కుపోయాడు.

“మీ అత్త ఎక్కిందిరా!”

“దిగేసింది గూడా.”

“ఎక్కింది గదరా!” అని కళ్లు తుడుచుకుని, అంతలోనే నవ్వాడు. “నర్సు చదివిన అంకెను నమ్మి బెదిరింది. నా కాటాను ఎవుడు నమ్ముతాడు? వీధి కుక్క గూడా నమ్మదు. ఈ కాటా పరువు తీసేదానికి ఎన్ని నెలలు పట్టిందనుకున్నావు?”

“మరి ఆ బజ్జీలు మామా?” అన్నాను.

“అయ్యి నిజంగానే తిన్నాలే. ఇప్పుడు నువ్వొక పని చెయ్యాల. ఈ ఆదివారం నుంచి వారానికోపాలి ఎక్కిద్దాం, రొయ్యకు చూసినట్టే. అంకె నువ్వొక్కడివే చూడు, పైకి అనొద్దు. తగ్గిందనుకో, ఎంత తగ్గిందో రెజీనాకు వినపడేటట్టు అరిచి చెప్పు. పెరిగిందనుకో...”

బజ్జీల కాపలాకు అత్త గట్టెక్కి వస్తోంది. మామ గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించడం నేను చూడటం అదే మొదలు.

“...బ్యాటరీ అయిపోయిందని చెప్పరా అబ్బయా.”