పార్కు బెంచీ మీంచి సంగీత విమర్శ

నా రాతల్లో సగం సంగీతం మీద, సగం ఊళ్ళలోని పార్కుల మీద ఎందుకుంటాయని అడిగేవారికి "రెండూ మనసుకు హాయినిచ్చేవే కదా" అని ఇన్నాళ్ళూ గంభీరంగా చెబుతూ వచ్చాను. అది శుద్ధ అబద్ధం. దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాని ఆ రోజుల్లో నేను చిత్తూరులో ఓ వారపత్రికలో చేరితే, మా ఎడిటరుగారు నన్ను ఎగాదిగా చూసి, "నీకు పరిగెత్తే పనులు చేతగావప్పా. కూసోని రాసేటివి సూసుకో. పార్కు, పాట, రెండూ నీకే" అన్నారు. (అప్పట్లో కొంచెం బొద్దుగా ఉండేవాణ్ణి. ఇప్పటి సంగతి అడక్కండి.)

పార్కులో సాయంత్రాలు రేడియో పెట్టేవారు. పెట్టె గేటు పక్క గదిలో ఉండేది, పాట వినిపించే గొట్టం మాత్రం స్తంభం మీద. బెంచీ మీద కూర్చుంటే పూలమొక్కల సంగతీ, మద్రాసు నుంచి వచ్చే కచేరీ సంగతీ ఒకే కాగితం మీద రాసేయొచ్చు. ఇంత సుఖమైన ఉద్యోగం ఎవరికుంటుంది! ఒకరోజు తిరుచానూరు భాగవతులవారు మొట్టమొదటిసారి రేడియోలో పాడారు. అరవై దాటిన మనిషి. ఆయన కాంభోజి అందుకుంటే శనక్కాయలు నమిలే నోళ్ళు కూడా ఆగిపోయాయి. ఎనిమిదింటికి ఒక కీర్తన ముగిసింది, అంతే, గొట్టం మూగబోయింది. జనం లేచి పంచెలు దులుపుకున్నారు. కచేరీ అయిపోయిందన్నమాట, మంగళం పాడకుండానే! ఇంకేం, ఇరవై ఏళ్ళ విమర్శకుడికి పూనకం వచ్చింది. "మంగళం పాడకుండా లేచిపోవడం సంప్రదాయానికి తీరని అపచారం" అని రాసి పడేశాను. ఆ వాక్యం నాకెంత నచ్చిందంటే, మా నాయనకు రెండుసార్లు చదివి వినిపించాను.

పత్రిక వచ్చిన మూడోనాడు భాగవతులవారే మా ఆఫీసుకు వచ్చారు. తిట్టలేదు. "ఐరాలలో పెండ్లి కచేరీ ఒకటి ఒప్పుకోనుంటిని నాయనా. మంగళం పాడని మనిషిని పందిట్లో కూసోబెట్టేది అశుభమని, రావద్దని కబురంపినారు. నేను పాడినాను. నిండుగా పాడినాను. నువ్వు యాడ కూసోని విన్నావు?" అన్నారు. పార్కు బెంచీ మీద అన్నాను. ఇద్దరం పార్కుకు వెళ్ళాం. గేటు తాత (తోట, తాళం, రేడియో, అన్నిటి మీదా ఆయనదే పెత్తనం) మొక్కలకు నీళ్ళు పోస్తూ, "ఎనిమిదైతే రేడియో నేనే కట్టేస్తాను సామీ. ఇంటికాడ సంగటి సల్లారిపోతాది గదా!" అన్నాడు. ఊరందరికీ తెలిసిన ఆ సంగతి, పార్కు మీద వారం వారం రాసే నాకే తెలియదు. ఎందుకంటే రోజూ ఏడున్నరకే నాకు ఆకలేసేది. చివరిదాకా కూర్చున్నది ఆ ఒక్కరోజే.

పత్రికలో తప్పు దిద్దుకుందామంటే మళ్ళీ సంచిక వచ్చేసరికి పెళ్ళి అయిపోతుంది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఐరాల వెళ్ళాను. పందిరి వేయిస్తున్న పెళ్ళికూతురి తండ్రి ముందు నిలబడి, "ఆయన మంగళం పాడినారు. నేనే వినలేదు. వినకుండానే రాసినాను. తప్పు నాది" అని చెప్పేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. గుంజలు పాతేవాళ్ళు కూడా పని ఆపి నన్నే చూశారు. ఆయన మీసం దువ్వుకుని, "వినకుండానే రాసినావా! శానా గొప్పోడివప్పా నువ్వు" అని పకపకా నవ్వాడు. "సరే, భాగవతుల్ని రమ్మంటాను. నువ్వూ రావల్ల. ముందు వరసలో కూసోవల్ల. మధ్యలో లేచినావంటే సూడు!"

వెళ్ళాను, కూర్చున్నాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. వెనక వడ్డన మొదలై సాంబారు వాసన ముక్కుకు తగులుతున్నా కదల్లేదు. భాగవతులవారు చిట్టచివర మంగళం అందుకుని, నెమ్మదిగా, నా వైపే చూస్తూ పాడారు. ముగించి, ఉత్తరీయంతో ముఖం తుడుచుకుని, పందిరంతా వినేలా, "అయిపోయింది నాయనా. ఇంక రాసుకో" అన్నారు. జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వాను గానీ కళ్ళ నిండా నీళ్ళు.

ఆ తర్వాత ఎన్ని కచేరీల మీద రాశానో, ఎన్ని తోటల మీద రాశానో! శాలువాలు కప్పినవాళ్ళూ ఉన్నారు. భాగవతులవారు పోయి చాలా కాలమైంది. ఐరాల పందిట్లో ఆయన పాడిన పాట గురించి మాత్రం ఇప్పటిదాకా ఒక్క వాక్యం రాయలేకపోయాను. అన్నీ తెలిసినట్టు రాసిన ఆ కుర్రాడైతే ఈపాటికి రెండు పేజీలు నింపేసేవాడు.