బీడీ ఆర్పమన్న రోజు

మొన్న చెల్లెలి మనుమరాలిని చూడడానికి జనగామ దవాఖానకు పోతే, గేటు దగ్గర కాపలా మనిషి ఒక పెద్దాయన చేతిలోంచి వెలుగుతున్న బీడీ తీసుకుని, కింద వేసి చెప్పుతో నలిపి, లోపలికి పొమ్మన్నాడు. ఆ పెద్దాయన తలూపి లోపలికి పోయాడు. ఇంత సులువైన పనా ఇది అనుకుంటూ నేను అక్కడే నిలబడిపోయాను.

మన కాలంలో కోడలు మామతో నేరుగా మాట్లాడేది కాదని నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు. అత్త ఉన్నన్నాళ్ళు ఆమెతో చెప్పించేదాన్ని. ఆమె పోయి, మా ఆయన సూరత్‌కు మగ్గాల పనికి పోయాక, కొడకండ్ల దగ్గరి మా ఇంట్లో మామ, నేను, లేక లేక పుట్టిన నా బిడ్డ మిగిలాం. దానికి మాటలు రాగానే మా ఇద్దరి నడుమ కబుర్లు మోసే పని దానిదైంది. “తాతను బువ్వకు రమ్మను” అని నేను దాని వైపు చూసి అంటే, మామ ఆ పక్కనే మంచం మీద వింటూ కూడా, అది పోయి చెప్పేదాకా లేచేవాడు కాదు. దానికి అదొక ఆట. ఒక్కోసారి “తాతా, అమ్మ నాకు బెల్లం పెట్టుమన్నది” అని సొంత మాట కలిపేది. మామ నవ్వుకుంటూ పెట్టేవాడు.

ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ కొట్లాట జోరుగా సాగుతున్న రోజులవి. బస్సులు బందైనాయి, రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటలు వండుతున్నారు. నా బిడ్డకు ఆయాసం పట్టి, పక్కటెముకలు లోపలికి గుంజుకుపోతుంటే, మామా నేనూ ఊళ్ళో ఒకరి ఆటోలో జనగామకు బయలుదేరాం. దారికి అడ్డం పెట్టిన బండలను కొట్లాటలో ఉన్న మనుషులే దొర్లించి మాకు తోవ ఇచ్చారు. పాపను చూసి మనసాగక వెనకే దవాఖానకు కూడా వచ్చారు. వాళ్ళ మేలు మరిచేది కాదు, అందుకే మిగతాది రాయడానికి చెయ్యి ఆడటం లేదు.

అదొక చిన్న ప్రైవేటు దవాఖాన. డాక్టరు సూది వేసి, ముక్కుకు గొట్టం పెట్టాడు. ఈ పిల్ల దగ్గర పొగ పడొద్దని నర్సమ్మ నాతో గట్టిగా చెప్పింది. గోడ మీద ఏదో రాసి ఉండేది కానీ మాలో ఎవరికీ చదువు రాదు. చాలా ఏళ్ళకు మహిళా సంఘంలో అక్షరాలు నేర్చాక గానీ, అక్కడా ఇక్కడా ఉండే ఆ రాత పొగ తాగొద్దనేదని నాకు తెలియలేదు.

చూడవచ్చిన మనిషికి బీడీ ఇవ్వకపోతే మామకు అది పరువు తక్కువ. ఆ రోజూ పాప ఉన్న గది గుమ్మంలోనే కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకూ ఒకటి ఇచ్చి, వాళ్ళకు తోడుగా తానూ ఒకటి ముట్టించాడు. పాప మీది గాబరాతో అందరూ ఇంకా ఎక్కువ తాగారు. నర్సమ్మ వచ్చి కసిరితే ఆర్పేశారు, ఆమె అవతలి గదికి పోగానే కొత్తగా వచ్చినవాళ్ళతో మళ్ళీ ముట్టించారు. చిట్యాల వైపు పుట్టింట్లో ఎండాకాలమంతా బీడీలు చుట్టే తునికాకు కోసి పెరిగిన నాకు బీడీ వాసన కొత్త కాదు. ఆ రోజు మాత్రం కొంగుతో పొగను తోలీ తోలీ నా రెట్టలు పడిపోయాయి.

అలవాటు కొద్దీ నా బిడ్డ వైపే వంగి, “తాతను బీడీ ఆర్పుమను బిడ్డా” అన్నాను. అది నోరు తెరిచింది. చెప్పాలనే చూసింది. దగ్గు వచ్చింది కానీ మాట రాలేదు. మామ నా మాట విన్నాడో, కొట్లాట ముచ్చట్లలో వినలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నెత్తి మీది కొంగు జారినా చూసుకోకుండా లేచి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

“మామా, ఆర్పు! పిల్లకు దమ్ము ఆడుతలేదు, ఆర్పు!”

పెళ్ళైన ఇన్నేళ్ళకు ఆయనతో నేరుగా నేనన్న మొదటి మాట అది. అందరూ బిత్తరపోయారు. ఒకాయన మాత్రం, “ఏందన్నా, కోడలు నీకే హుకుం చేస్తున్నది? తెలంగాణ అప్పుడే వచ్చిందా ఏంది?” అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వబోయారు. మామ నవ్వలేదు. నిప్పున్న బీడీని అరచేతిలోనే నలిపేసి, “నడువుండ్రి, అందరు బయటికి నడువుండ్రి” అని వాళ్ళను గేటు దాటించి, తానూ అక్కడే ఎండలో నిలబడ్డాడు.

పొగ పోయింది, కిటికీలోంచి గాలి వచ్చింది. పొద్దు గూకకముందే నా బిడ్డ పోయింది. పొగే తీసుకుపోయిందని నేను అనను, నిమ్ము ముదిరిందని డాక్టరు చెప్పాడు. కానీ ఆ ఆఖరి రోజు అంత కష్టపడి అది లోపలికి గుంజుకున్న గాలి చాలాసేపు ఆ పొగ గాలే.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఇప్పటి కోడళ్ళు మామల పక్కనే కూర్చుని టీవీ చూస్తారు, నవ్వుతారు, కోపం వస్తే కసురుతారు. చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మా ఇంట్లో ఆ మార్పు అందరికన్నా ముందే వచ్చింది. పాప దినాలైన మరునాడు మామకు బువ్వ పెట్టి, నంజుకోవడానికి ఏం కావాలో అడుగుదామని పక్కకు తిరిగాను. ఎవరూ లేరు. కంచంలోంచి తలెత్తకుండా ఆయనే, “బిడ్డా, జర నీళ్ళియ్యి” అన్నాడు. ఇచ్చాను. ఇక ఆయన పోయేదాకా మేమిద్దరం నేరుగానే మాట్లాడుకున్నాం, నడుమ మాట మోసేవాళ్ళు లేక.