కరిగిపోయిన కట్టు

గుండె కవాటం మార్చినప్పటి నుంచి మా అమ్మ రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటోంది. వాటివల్ల చిన్న గీత పడినా నెత్తురు ఒక పట్టాన ఆగదు. కిందటి వేసవిలో ఒక ఉదయం తల దువ్వుకుంటుంటే ముక్కులోంచి నెత్తురు మొదలైంది. ముక్కు నొక్కిపట్టి, తల ముందుకు వంచి కూర్చుంది. ఎంతసేపు నొక్కినా వేళ్ల సందుల్లోంచి కారుతూనే ఉంది. షోళింగనల్లూరులోని ఆఫీసుకు బయలుదేరబోతున్న నేను బ్యాగు పక్కన పడేసి ఆటో పిలిచాను.

ఆటోలో అమ్మది ఒకటే భయం. "మళ్లా ఆ గుడ్డ కూరతారేమో మే. నా వల్ల గాదు."

అంతకుముందు ఒకసారి ఇలాగే అయితే ముక్కులో గాజుగుడ్డ బిగించి కూరారు. దాన్ని లాగి తీసిన రోజు అమ్మ కేక ఇంకా నా చెవుల్లో ఉంది. మానుతున్న పుండు రేగి మళ్లీ నెత్తురు వచ్చింది.

కోడంబాక్కంలో మా ఇంటి దగ్గరి ఆస్పత్రిలో ముక్కు డాక్టరు ఒక యువతి. ఆవిడ సన్నని కెమెరా గొట్టం లోపలికి పంపగానే, ఎర్రగా ఊరుతున్న చోటు పక్కనున్న తెర మీద కనబడింది. సిరంజిలోంచి తెల్లని గుజ్జు లాంటిది ఆ చోట నింపి, తడి దూదితో అదిమి పట్టుకుంది. కాసేపటికి దూది తీసింది. గుజ్జు ఎర్రబడి ఉబ్బింది గాని, దాని అంచు దాటి ఒక్క చుక్క రాలేదు. అంతసేపూ కారినది నా కళ్ల ముందే ఆగిపోయింది.

"దీన్ని ఎప్పుడు తీస్తారు డాక్టరమ్మా?" అమ్మ తమిళంలో అడిగింది.

"తియ్యక్కర్లేదమ్మా. పుండు మానేసరికి అదే కరిగిపోతుంది."

అమ్మకు నమ్మకం కుదరలేదు. నావైపు తిరిగి, "కరిగి యాడికి పోతాదంట?" అంది.

అదే నేను అడిగాను. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్‌తో దాన్ని చేస్తారట. తేమకు మెత్తబడి కొంత గొంతులోకి జారిపోతుందట, మిగిలింది ఒళ్లే అరిగించుకుంటుందట.

ఇంటికొచ్చి పడుకున్నాక అమ్మ మెల్లగా అంది: "పని అయినాక తనే పోయేట్టు చేసినారంటే, వాళ్లకి ఎంత బుద్ధి మే."

తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, కెమెరాలో తీసిన బొమ్మ తనకూ చూపించమని అడిగింది. ముక్కు లోపలి పొర లేత గులాబి రంగులో, తడిగా మెరుస్తోంది. అమ్మ తెరకు వేలు ఆనించి వెతికింది.

"ఆడేమీ లేదే," అంది.

డాక్టరు నవ్వింది. నేనూ వంగి చూశాను. గాయం ఎక్కడుండేదో నాకూ తెలియలేదు.