కొబ్బరికాయ పరీక్ష

అమలాపురంలో ఎవరు మేడ మీద వ్యాయామం గది కట్టుకున్నా, నేల మీద ఏం పరవాలో చూడ్డానికి సాలమోను మాస్టార్ని వెంటబెట్టుకు వెళ్తారు. రిటైరైన లెక్కల మాస్టారు, ఆరడుగుల మనిషి. షాపులో చెప్పులు విప్పి, అరికాళ్ళు తడుపుకుని ప్రతి పట్టా మీదా నడుస్తాడు. చెమట పట్టిన కాలు జారేదైతే అది పనికిరాదు. తర్వాత సంచిలోంచి ఒలిచిన కొబ్బరికాయ తీసి, చేయి చాపి వదులుతాడు. కాయ చిట్లితే అదీ పనికిరాదు. మెరుపు మాత్రం చూడడు. మెరుపు చూసి ఎంచిన టైల్స్ ఆయన ఇంట్లోనే ఉన్నాయి. కొబ్బరిపీచు పట్టా వేయిద్దామని భార్య ఇందిర అంటే, అద్దంలాంటి గది పాడవుతుందని వద్దన్నది ఆయనే. రెండేళ్ళ క్రితం వ్యాయామం చేస్తూ ఆ టైల్స్ మీద జారి, తలకి దెబ్బ తగిలి ఆవిడ పోయింది. ఊళ్ళో అందరికీ అది తెలుసు. తెలిసే ఆయన్ని పిలుస్తారు.

మొన్న కాలేజీ లెక్చరర్ బెన్నీతో వెళ్ళినప్పుడు షాపు వీరబాబు నవ్వాడు. "చర్చికెళ్ళే మాస్టారు నా షాపులో కొబ్బరికాయ కొడుతున్నారేంటండీ!"

"కొట్టడం కాదండీ, పగలకూడదనే నా బాధ," అన్నాడు మాస్టారు. మందపాటి రబ్బరు పట్టా మీద కాయ ఓసారి ఎగిరి, చిట్లకుండా ఆగింది.

"ఆయ్, ఇదే తీసుకుందామండీ," అన్నాడు బెన్నీ.

వీరబాబు ఊరుకోలేదు. "తలెత్తు నుంచి వదలాలి కదండీ. మీరెప్పుడూ భుజం దగ్గర్నుంచే వదుల్తారేంటండీ?"

మాస్టారు వంగి కాయ తీసి, దాని మీద దుమ్ము అరచేత్తో నెమ్మదిగా తుడిచాడు.

"ఇందిర నా భుజం దాకానే వచ్చేదండీ."