చున్నీతో తుడిచిన ఫోను

శ్రీకాకుళం తీరానికి చేపలు కొనడానికి వెళ్ళినప్పుడల్లా ఒక పదో తరగతి పిల్లను చూసేవాణ్ణి. పడవలు కదిలే ముందు, తడే లేని ఫోనును చున్నీతో తుడిచి, వాతావరణం వార్తలు గట్టిగా చదివేది. ఆ ఫోను వాళ్ళ నాన్నది. ఉప్పునీటికి పాడవుతుందని నిరుడు దాన్ని ఇంట్లో వదిలి చేపల వేటకెళ్ళాడు. తుఫాను కబురు ఫోనుకొచ్చింది, మనిషి తిరిగి రాలేదు.

ఒకరోజు సముద్రం గిన్నెలో పాలలా ఉంది. ఆ పిల్ల మాత్రం, "గాలొస్తాది, ఎవులూ ఎల్లకండి" అంది.

"ఓసి గుంటా, సముద్రం సంగతి నీ ఫోనుకేటి తెలుసే?" అన్నాడు వాళ్ళ చిన్నాన్న, పడవ తోస్తూ నవ్వి.

ఆమె ఫోను ఆయన చేతిలో పెట్టింది. "అయితే దీన్నీ అట్టుకెల్లిపో సిన్నాన్నా. మల్లీ ఇంట్లో కూకుని ఇది మోగతంటే నాను ఇనలేను."

ఆయన నవ్వు ఆగిపోయింది. పడవ వెనక్కి లాగాడు. మిగతావాళ్ళూ లాగారు.

ఈ కథ ఎక్కడ చెప్పినా ఇక్కడ తాటిచెట్టంత అలలు లేపుతాను. నిజానికి ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. ఊరందరికీ వేట పోయింది. ఇక ఆ పిల్ల పని అయిపోయిందనుకున్నాను.

మర్నాడు అందరికంటే ముందొచ్చి ఇసకలో కూర్చున్నది చిన్నాన్నే.

"సదవే అమ్మా, ఈయాల ఏటంతన్నాది?"

ఆమె ఫోను తుడిచింది. నాతో సహా తీరమంతా నోరు మూసుకుంది.