అమావాస్య నాటి సెలక్షన్లు

నాకు కోపం ఎక్కువని మా స్టాఫ్‌రూంలో అందరూ అనేవారు. అబద్ధమేం కాదు. ఉప్పాడ రోడ్డు మీద, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేసిన రోజుల్లో, నా విజిల్ కంటే నా గొంతే ముందు వినపడేది. ఆ కోపంలో సగం ఒక్క సంఘం మీదే. ఇసక మీద ఆడే కబడ్డీకి జిల్లాలో విడిగా ఒక సంఘం ఉండేది. ప్రభుత్వమే గ్రాంటు ఇచ్చేది, స్టేడియంలో గదీ ఇచ్చేది. సెలక్షన్లు ఎప్పుడు జరిగేవో మాత్రం దేవుడికే తెలియాలి. నోటీసు అంటించేది ఆ గది లోపలి గోడకి. గదికి ఎప్పుడూ తాళం.

మా బళ్లో పదో తరగతి ముగించి ఇంటర్లో చేరిన ఒక అమ్మాయి రోజూ సాయంత్రం మా పిల్లలతో ఆడటానికి వచ్చేది. వాళ్లమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చేపలమ్మేది. ఆ పిల్ల కూతకి వెళ్లిందంటే పట్టుకోవడం మగపిల్లల వల్ల కూడా అయ్యేది కాదు. దాని ఆశ ఒక్కటే. "నేనూ మీలాగే మెళ్లో విజిల్ వేసుకుంటానండి, టీచర్" అనేది. అందుకు ట్రెయినింగ్ కాలేజీలో సీటు రావాలి, సీటు రావాలంటే రాష్ట్ర పోటీల్లో ఆడిన సర్టిఫికెట్ ఉండాలి. జూనియర్సులో ఆడటానికి దానికి అదే ఆఖరి ఏడు.

ఆ ఏడు ఇద్దరం కలిసి స్టేడియానికి వెళ్లేసరికి సెలక్షన్లు అయిపోయాయన్నారు.

కార్యదర్శిగారు మహా మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి, టీ తెప్పించి, మా బడి గురించి, మా వారి ఆరోగ్యం గురించి అడిగారు. లిస్టు చూపించమంటే మాత్రం, "మాది ప్రైవేటు సంఘం అండి. చూపించాలని ఎక్కడా రూలు లేదు" అన్నారు.

"గ్రాంటు తీసుకునేటప్పుడు సర్కారు సంఘం, లిస్టు అడిగితే ప్రైవేటు సంఘమా అండీ?" అన్నాను.

"మీకు కోపం ఎక్కువ, మేడం" అని నవ్వారాయన. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఆ పిల్ల కిటికీలోంచి బయటికే చూసింది.

సమాచార హక్కు చట్టం అప్పుడే కొత్తగా వచ్చింది. మా లెక్కల మాస్టారు దాని గురించి పేపర్లో చదివి, "సంఘాన్ని అడక్కండి, వాళ్లకి గ్రాంటిచ్చే స్పోర్ట్స్ ఆఫీసుని అడగండి. వాళ్ల దగ్గర రిపోర్టు ఉండి తీరాలి" అన్నారు. ఆయనే దగ్గర కూర్చుని అర్జీ రాయించారు. నెల తిరక్కుండానే బడికి కవరొచ్చింది. స్టాఫ్‌రూంలో అందరి ముందూ చించబోయి, ఎందుకో ఆగి, ఇంటికి తెచ్చుకున్నాను. ఆగడమే మంచిదైంది.

సెలక్షన్లు జరిగిన చోటు: మా బడి ఎదురుగా ఉన్న ఇసక. తేదీ, దాని పక్కన టైము: ఉదయం పది. పన్నెండు మంది అమ్మాయిల పేర్లు. వాటిలో మా పిల్ల పేరు లేదు. అన్నిటికీ కింద, "నేను దగ్గరుండి చూశాను" అన్న వాక్యం కింద, పరిశీలకురాలి సంతకం. అది నాది. దొంగ సంతకం కాదు, అచ్చంగా నేను పెట్టిందే.

ఎలాగో నాకు తెలుసు. ఏటా ఆ సంఘం మీటింగుకి జిల్లాలో డ్రిల్లు టీచర్లందరినీ పిలిచేవారు. ఉప్మా పెసరట్టు పెట్టేవారు. చేతులు కడుక్కుని వచ్చేలోపు గుమాస్తా కాగితాలు పరిచేవాడు. "తర్వాత నింపుకుంటాం గానీ, మీరు ఇక్కడో సంతకం పడేయండి" అనేవాడు. సంతకం పెట్టినవాళ్లకే ఆన్ డ్యూటీ స్లిప్పు. పదేళ్లుగా అందరం పెడుతున్నాం. ఖాళీ కాగితం మీద సంతకమేంటని ఒక్కరం అడిగిన పాపాన పోలేదు. ఊరందరి మీదా అరిచే నేను కూడా!

ఆ కాగితం బీరువాలో చీరల అడుగున పెట్టేశాను. రెండు రోజులు బళ్లో ఎవరు పలకరించినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. ఆ పిల్లకి జవాబే రాలేదని చెప్పేస్తే పోలా అని కూడా అనుకున్నాను. సిగ్గుగానే ఉంది, కానీ అనుకున్న మాట నిజం.

మూడో రోజు ఆ పిల్ల తల్లి వచ్చి మా ఇంటి గుమ్మంలో తట్ట దించింది. "కాగితం వచ్చిందంట కదండి. చదవండి, ఇంటాను."

చదివాను. తేదీ దగ్గరకి రాగానే నన్ను ఆపేసి, వేళ్లు లెక్కపెట్టుకుంది. "ఆ రోజు అమాస కదండి."

క్యాలెండర్ తిప్పి చూశాను. ఆ తేదీలో నల్లటి చుక్క ఉంది.

"అమాస నాడు పదింటికి సముద్రం పోటు మీదుంటదండి. ఆ ఇసక మీద మోకాళ్ల లోతు నీళ్లు. మావోళ్లు పడవలు రోడ్డు మీదకి లాగేసుకున్నారు. ఇంకెక్కడ ఆడేరండి, చేపలా?" అని నవ్వింది. కాగితం కేసి వేలు చూపించి, "కింద సంతకం ఎవరిదండి?" అంది.

"నాదే" అన్నాను. పెసరట్టు దగ్గర్నుంచి అంతా చెప్పాను.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నాకు చదువు రాదు కదండి. వేలిముద్ర ఎయ్యాలంటే ఇద్దరి చేత చదివించుకుంటానండి. మీకు చదువొచ్చుండి కూడా చూడలేదా?" అంది. తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. సంతకం నాదేనని, ఖాళీ కాగితం మీద పెట్టానని, ఆ రోజు అక్కడ సెలక్షన్లు జరగలేదని. స్పోర్ట్స్ ఆఫీసరుగారు అది రెండుసార్లు చదివారు. "మేడం, ఇది ముందు మీ మెడకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనివ్వండి. ఆ పిల్లకి మళ్లీ ఏడాది లేదండి" అన్నాను. ఈసారి అరవలేదు.

ఆయనది జంగారెడ్డిగూడెం వైపు, మెట్ట ప్రాంతం. పోటూ పాటూ ఆయనకేం తెలుసు! కానీ మనిషి నికార్సయినవాడు. పౌర్ణమికీ అంతే పోటు ఉంటుందని ఆ తల్లి చెబితే, ఆ పౌర్ణమి నాడు కార్యదర్శిగారిని జీపులో వెంటబెట్టుకుని సరిగ్గా పదింటికి వచ్చారు. రిపోర్టు తీసి, "కోర్టు గీతలు ఎక్కడ గీశారో చూపించండి" అన్నారు. కార్యదర్శిగారు చెయ్యి ఎత్తబోయేలోగా ఒక అల వచ్చి ఇద్దరి బూట్లూ తడిపేసింది. ఆ రోజు టీ ఎవరూ తెప్పించలేదు.

అందరి ముందూ మళ్లీ సెలక్షన్లు పెట్టేదాకా గ్రాంటు ఇవ్వనని ఆఫీసరుగారు రాసిచ్చేశారు. ఏ రోజు పెడదామని అడిగితే, "అష్టమి నాడెట్టండి, నీళ్లు దూరంగా ఉంటాయి" అంది ఆ తల్లి. ఈసారి నోటీసు బస్టాండులో అంటించారు. పల్లెల నుంచి ఆటోల్లో కుక్కుకుని ఎంతమంది పిల్లలొచ్చారో! ఇంతమంది ఆడపిల్లలు ఇన్నాళ్లూ ఎక్కడున్నారని ఆఫీసరుగారు నన్నడిగారు. తాళం వేసిన గది బయట ఉన్నారని చెప్పాను.

సాయంత్రం పేర్లు మైకులో చదివారు. మా పిల్లది నాలుగో పేరు. తల్లి ఖాళీ తట్ట కింద పడేసి కూతుర్ని చుట్టేసుకుంది. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు పోయింది. న్యాయమే. కార్యదర్శిగారు మరో రెండేళ్లు ఆ కుర్చీలోనే ఉన్నారు. కానీ ఆ తర్వాత నోటీసులన్నీ బస్టాండులోనే పడ్డాయి.

కొన్నేళ్లకి ఆ పిల్ల అటు తుని వైపు ఒక బళ్లో డ్రిల్లు టీచరై, ఆటల పోటీలకి నన్ను అతిథిగా పిలిచింది. మెళ్లో విజిల్, చేతిలో కాగితాలు. టిఫిన్ ప్లేటు పక్కన పెట్టి, అలవాటుగా పెన్ను తీశాను.

కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "చదివి పెట్టండి, టీచర్" అంది.

కళ్లజోడు పెట్టుకుని, మొదటి పేరు నుంచి చదవడం మొదలుపెట్టాను.